పేరుకు స్టైల్ అక్షరాలు: నంబర్లతో మీరే చేసుకునే పద్ధతి, తెలుగుకు వేరే దారి

ఇన్‌స్టాగ్రామ్ బయోలో లావుపాటి అక్షరాలు, వాట్సాప్ గ్రూపు పేరులో గుండ్రటి చక్రాల్లో కూర్చున్న అక్షరాలు, డీపీ కింద చేతిరాతలా వంపులు తిరిగిన పేరు. వీటిని చూసి ‘ఫాంట్ మార్చారు’ అంటుంటారు. నిజానికి అక్కడ ఫాంటేమీ మారలేదు. మామూలు అక్షరాన్ని లేపేసి, దానిలాగే కనిపించే వేరే అక్షరాన్ని ఆ చోట కూర్చోబెట్టారు. కంటికి అది ‘హెచ్’. ఫోనుకు మాత్రం హెచ్‌తో సంబంధం లేని ఇంకో గుర్తు. ఇదొక్కటి పట్టుబడితే స్టైల్ అక్షరాలు ఎలా చేయాలో, ఎక్కడ విరుగుతాయో, తెలుగుకు ఎందుకు కుదరవో అన్నీ వరసగా అర్థమవుతాయి.

ఈ అక్షరాలు ఎక్కడివి?

ప్రపంచంలోని లిపులకు యూనీకోడ్ అనే ప్రమాణం ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరు ఇచ్చింది. ఇంగ్లిష్ పెద్ద ‘ఎ’ 65, చిన్న ‘ఎ’ 97. మన ‘అ’ 3077. గణితంలో లావు హెచ్‌కు ఒక అర్థం, వంపు హెచ్‌కు ఇంకో అర్థం ఉంటుంది కాబట్టి, 2001లో వచ్చిన యూనీకోడ్ 3.1లో గణితం కోసమే ఒక పెద్ద బ్లాకు కేటాయించారు. దాని నంబర్లు 119808 నుంచి 120831 దాకా. ఇంగ్లిష్ అక్షరమాల అందులో రకరకాల రూపాల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. సమీకరణాలు రాసేవాళ్ల కోసం పెట్టిన ఆ అక్షరాలనే మనం బయోలో పేర్లకు వాడుకుంటున్నాం. ‘స్టైలిష్ నేమ్’ సైట్లు ఎక్కువగా చేసే పని ఇదే: మీ అక్షరం నంబరు తీసుకుని, దానికి ఒక స్థిరమైన అంకె కలిపి, వచ్చిన నంబరున్న అక్షరాన్ని మీ చేతికివ్వడం. ఆ కూడిక మీరే చేసుకోవచ్చు.

దీనికోసం స్టైల్ కీబోర్డు యాప్‌లు మాత్రం వేసుకోవద్దు. మీరు టైప్ చేసే ప్రతి అక్షరం కీబోర్డు చేతి మీదుగానే వెళ్తుంది. బయోలో ఒక్క పేరు కోసం మీ మెసేజీలన్నీ ముక్కూమొహం తెలియని యాప్ చేతిలో పెట్టాల్సిన పని లేదు.

గూగుల్ షీట్స్‌లో తయారీ

షీట్స్‌లోనూ, 2013, ఆ తర్వాతి ఎక్సెల్‌లోనూ రెండు ఫంక్షన్లు ఉన్నాయి. యూనీకోడ్ అనేది అక్షరమిస్తే నంబరు చెబుతుంది. యూనీచార్ అనేది నంబరిస్తే అక్షరం చూపిస్తుంది. ఫంక్షన్ల పేర్లు, గడుల పేర్లు ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాం, మీరు ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి. ఉదాహరణకు మన ఊరి పేరే తీసుకుందాం. ఇంగ్లిష్‌లో హైదరాబాద్‌కు తొమ్మిది అక్షరాలు.

1. కొత్త షీటు తెరిచి, ఎ2 నుంచి ఎ10 వరకు ఒక్కో గడిలో ఒక్కో అక్షరం టైప్ చేయండి. మొదటిది పెద్ద హెచ్, మిగతా ఎనిమిదీ చిన్న అక్షరాలు. షీటు తనంతట తాను చిన్న అక్షరాన్ని పెద్దది చేసిందేమో ఒకసారి చూసుకోండి.

2. బి2లో =యూనీకోడ్(ఎ2) అని కొట్టి, బి10 దాకా కిందికి లాగండి. హెచ్‌కు 72, వైకి 121, డికి 100 వస్తాయి.

3. సి2లో ఈ ఫార్ములా పెట్టి కిందికి లాగండి: =యూనీచార్(బి2+ఇఫ్(బి2>=97,120205,ఇఫ్(బి2>=65,120211,ఇఫ్(బి2>=48,120764,0)))). చిన్న అక్షరానికి 120205, పెద్ద అక్షరానికి 120211, అంకెకు 120764 కలపమని దీని అర్థం. ఖాళీ, చుక్క వంటివాటిని ముట్టుకోదు.

4. డి2లో =టెక్స్ట్‌జాయిన్("",1,సి2:సి10) అని కొడితే తొమ్మిదీ కలిసి ఒకే పదంగా వస్తాయి. దాన్ని కాపీ చేసి బయోలో పేస్ట్ చేయడమే. ఎక్సెల్‌లో ఈ ఫంక్షన్ 2019 వెర్షన్ నుంచి ఉంది. అంతకన్నా పాతదైతే సి గడులను & గుర్తుతో వరసగా కలపండి.

హెచ్ లెక్క చేత్తో చూసుకుంటే 72కు 120211 కలిపి 120283. అది కొక్కేలు (అక్షరం చివర్లలో ఉండే చిన్న అడ్డగీతలు) లేని లావు హెచ్. వైకి 120326, డికి 120305 వచ్చాయంటే షీటు సరిగ్గా పనిచేస్తున్నట్టే.

ఈ ఫార్ములాకు ఒక లోపం ఉంది. అండర్‌స్కోర్ నంబరు 95. పెద్ద అక్షరాలు 90తో ముగుస్తాయి కానీ, ఫార్ములా 65 దాటినవన్నీ అక్షరాలే అనుకుంటుంది. అందుకే 95కు 120211 కలిపి 120306 చేస్తుంది. అది లావు చిన్న ‘ఇ’. పేరు మధ్యలో అండర్‌స్కోర్ పెడితే అక్కడ ‘ఇ’ మొలవడానికి కారణం ఇదే. అలాగే @ గుర్తు 6గా, కోలన్ 0గా మారిపోతాయి. ఈ మూడింటిలో ఏది ఉన్నా ఆ వరసలో ఫార్ములా తీసేసి గుర్తును అలాగే ఉంచండి.

వేరే రూపాలు కావాలంటే ఫార్ములాలో అంకెలు మార్చితే చాలు. ముందు పెద్ద అక్షరాలకు, తర్వాత చిన్న అక్షరాలకు కలపాల్సినవి ఇవి:

కొక్కేలున్న లావు అక్షరాలు: 119743, 119737
లావు చేతిరాత: 119951, 119945
టైప్‌రైటర్ తీరు: 120367, 120361
జోడు గీతల అక్షరాలు: 120055, 120049
చక్రాల్లో అక్షరాలు: 9333, 9327
వెడల్పు అక్షరాలు: రెండింటికీ 65248

జోడు గీతల్లో అంకెలకు 120744, వెడల్పు వాటిలో అంకెలకూ 65248. చేతిరాత రూపంలో అంకెలు లేనే లేవు, అక్కడ 120764 స్థానంలో సున్నా పెట్టి అంకెల్ని మామూలుగా వదిలేయండి. చక్రాల్లో అంకెలు వేరే వరసలో ఉన్నాయి: 1 నుంచి 9 వరకు 9263 కలపాలి, సున్నా మాత్రం విడిగా 9450 దగ్గరుంది.

హైదరాబాద్ పడిపోయే గోతులు

లావుగా లేని సన్నటి చేతిరాత రూపం చాలామందికి ఇష్టం. అది 119964 దగ్గర మొదలవుతుంది. ఆ లెక్కన ఎనిమిదో అక్షరం హెచ్ 119971లో ఉండాలి. అక్కడ ఏమీ లేదు, ఖాళీ. కొన్ని ఫోన్లలో డబ్బా కనిపిస్తుంది, కొన్నింటిలో ఏమీ కనిపించదు. కారణం తేలికే. గణితంలో బాగా వాడే కొన్ని అక్షరాలకు యూనీకోడ్ ఈ బ్లాకు రాకముందే 8448 నుంచి 8527 మధ్య నంబర్లు ఇచ్చేసింది. ఒకే గుర్తుకు రెండు నంబర్లు వద్దని కొత్త బ్లాకులో ఆ చోట్లు ఖాళీగా వదిలేశారు.

సన్నటి చేతిరాతలో హెచ్ అసలు చోటు 8459, చిన్న ఇ చోటు 8495. హైదరాబాద్‌లో ఈ రెండూ ఉన్నాయి, అంటే ఒక్క పేరులో రెండు గోతులు. జోడు గీతల్లో హెచ్ 8461 దగ్గర ఉంటుంది. పాత జర్మన్ అచ్చు రూపంలో 8460 దగ్గర. పెద్ద హెచ్‌తో మొదలయ్యే పేరున్నవాళ్లు ఈ మూడు నంబర్లు రాసిపెట్టుకోవడం మేలు. పక్కకు వాలిన (ఇటాలిక్) అక్షరాల్లో పెద్ద హెచ్ భద్రంగానే ఉంటుంది, చిన్న హెచ్ మాత్రం ఉండదు. అది 8462లో ‘ప్లాంక్ స్థిరాంకం’ అన్న పేరుతో ఉంది. ఊరి పేరు అన్నీ చిన్న అక్షరాలతో రాస్తే మొదటి అక్షరానికే అది తగులుతుంది.

మీరు వాడే సైటు నమ్మదగిందో కాదో తేల్చుకోవడానికీ ఇది మంచి పరీక్ష. హైదరాబాద్ అని టైప్ చేసి సన్నటి చేతిరాత రూపం అడగండి. హెచ్ దగ్గర డబ్బా వచ్చిందంటే ఆ సైటు గుడ్డిగా కూడిక చేస్తోంది. లావు చేతిరాతలో ఒక్క గొయ్యీ లేదు, కాబట్టి మేం ఎవరికైనా ముందు దాన్నే సూచిస్తాం.

నల్ల డబ్బాలో తెల్ల అక్షరం వచ్చే రూపానికి 127279 కలపాలి, పెద్ద అక్షరాలే ఉంటాయి. ఇందులో చిక్కు వేరు. ఎ, బి, ఓ అనేవి రక్తం గ్రూపుల ఇమోజీలు, పి అనేది పార్కింగ్ ఇమోజీ. హైదరాబాద్‌ను ఈ రూపంలో రాస్తే ఆరు, ఏడు, ఎనిమిది స్థానాల్లోని ఎ, బి, ఎ మూడూ ఎర్ర డబ్బాలై, మిగతా ఆరు నల్లగా ఉండిపోతాయి. ప్రతి దాని వెనక 65038 నంబరు గుర్తు పెడితే రంగు పోవాలి కానీ చాలా యాప్‌లు దాన్ని లెక్కచేయవు. ఈ నాలుగు అక్షరాలు పేరులో ఉంటే ఈ రూపం మానేయడమే సులువు.

127397 కలిపితే వచ్చే అక్షరాలు ఇంకా ప్రమాదం. అవి జెండాల కోసం పెట్టినవి, రెండేసి చొప్పున జతకడతాయి. హైదరాబాద్‌లో మూడు నాలుగు అక్షరాలు కలిసి జర్మనీ జెండా, ఏడు ఎనిమిది కలిసి బోస్నియా జెండా అయి కూర్చుంటాయి. ఏ సైటైనా ఈ రూపమిస్తే అక్షరాల మధ్య ఖాళీ పెట్టి వాడాలి.

చిన్న సైజు పెద్ద అక్షరాలు, తలకిందుల అక్షరాలు ఒక వరసలో దొరకవు. ఉచ్చారణ గుర్తుల నుంచి, ఇతర లిపుల నుంచి ఏరుకొచ్చినవి కాబట్టి కూడికతో కుదరవు, ఒక్కోదానికీ పట్టిక ఉండాలి. కొట్టివేత గీతకు ప్రతి అక్షరం వెనకా 822, కింది గీతకు 818 నంబరు గుర్తు చేర్చాలి. అక్షరాల మీద గుట్టలుగా గీతలు పేర్చే ‘దెయ్యం రాత’కు 768 నుంచి 879 దాకా ఉన్న గుర్తులు వాడతారు. అక్షరానికి రెండు మూడు దాటితే పై వరసలోని రాత మీదికి పాకి ఎదుటివాళ్లకు చదవడమే కష్టమవుతుంది.

ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

మనుషులు కంటితో చూసి వదిలేసే చోట పెట్టుకోండి. యంత్రం చదివి పోల్చి చూసే చోట పెట్టొద్దు.

ఇన్‌స్టాగ్రామ్‌లో బయోకు 150 అక్షరాల పరిమితి ఉంది. అందులో ఒక మాట, మహా అయితే ఒక లైను స్టైల్‌లో పెట్టండి. యూజర్‌నేమ్‌లో మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్ తప్ప ఇంకేవీ పట్టవు. మెహందీ వేసేవాళ్లు, ఇంటి నుంచి కేకులు అమ్మేవాళ్లు బయోలో ‘మెహిదీపట్నం’, ‘దిల్‌సుఖ్‌నగర్’ వంటి ఏరియా పేరును స్టైల్ చేస్తుంటారు. వెతికేవాళ్లు టైప్ చేసేది ఆ మాటే. స్టైల్ అక్షరాల్లో ఉన్న మాట వెతుకులాటలో దొరుకుతుందన్న హామీ లేదు. ఏరియా, చేసే పని, ఫోన్ నంబరు మామూలు అక్షరాల్లోనే ఉంచండి. అలంకారం ఒక్క పలకరింపు మాటకు చాలు.

ఫేస్‌బుక్‌లో అసలు పేరుకు పెట్టొద్దు. గుర్తులనూ, పలు భాషల అక్షరాల కలగలుపునూ వాళ్ల నియమాలు ఒప్పుకోవు, పైగా పేరు ఒకసారి మారిస్తే 60 రోజుల దాకా మళ్లీ మార్చలేరు. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం పేరూ అంతే, బోర్డు మీద ఎలా ఉందో అలాగే ఉండాలి. బ్యాంకు, పాస్‌పోర్టు, ఉద్యోగ దరఖాస్తుల వంటి ఫారాల్లో, రెజ్యూమెలో, మెయిల్ ఐడీలో, పాస్‌వర్డులో ఇవి ఒక్కటి కూడా ఉండకూడదు.

ఎక్స్‌లో ఒక్కో స్టైల్ అక్షరం రెండుగా లెక్కకొస్తుంది. 280 అక్షరాల చోటు 140కి దిగుతుంది. తెలుగు అక్షరాలు మాత్రం ఒక్కటిగానే లెక్కవుతాయి. దుకాణం నుంచి ఎస్సెమ్మెస్‌లు పంపేవాళ్లకు దెబ్బ ఇంకా గట్టిది. మామూలు ఇంగ్లిష్‌లో ఒక మెసేజీకి 160 అక్షరాలు పడతాయి. అందులో ఒక్క స్టైల్ అక్షరం చేరినా మొత్తం మెసేజీ పరిమితి 70కి పడిపోతుంది, పైగా చక్రాలవి, వెడల్పువి తప్ప మిగతా రూపాల్లో ఆ అక్షరం సాధారణంగా రెండు చోట్లు తింటుంది. అన్నీ అలాంటివే అయితే 35 మించి పట్టవు. 160 అక్షరాల ఒక మెసేజీ అయిదు మెసేజీల ఖర్చవుతుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది చూపులేని వాళ్ల సంగతి. వాళ్ల ఫోను రాతను చదివి వినిపిస్తుంది. స్టైల్ అక్షరాల్లో హైదరాబాద్ అని రాస్తే కొన్ని ఫోన్లు ‘మ్యాథమెటికల్ బోల్డ్ క్యాపిటల్ హెచ్’ అంటూ తొమ్మిది సార్లు ఏకరువు పెడతాయి, కొన్ని ఏమీ పలకకుండా దాటేస్తాయి. రక్తం కావాలన్న విజ్ఞప్తి, అడ్రసు, తేదీ, ఫీజు వంటివి స్టైల్‌లో పెట్టడం వాళ్ల మొహాన తలుపు వేసినట్టే. దయచేసి పెట్టొద్దు.

తెలుగుకు వేరే దారి

తెలుగు అక్షరాలకు యూనీకోడ్‌లో ఇచ్చింది 3072 నుంచి 3199 వరకు ఒక్క బ్లాకు. లావు ‘అ’, వంపు ‘అ’ అంటూ వేరే నంబర్లు లేవు. ‘తెలుగు స్టైలిష్ టెక్స్ట్’ అని చెప్పే సైట్లు పేరుకు అటూ ఇటూ పూలు, రెక్కలు తగిలిస్తాయి, లేదా అక్షరాల మధ్య గుర్తులు చొప్పిస్తాయి. రెండోది చేస్తే తెలుగు చెడిపోతుంది.

‘శ్రీ’ని చూడండి. మనకు ఒక్క అక్షరం. లోపల నాలుగు నంబర్లు: శ 3126, పొల్లు 3149, ర 3120, దీర్ఘం 3136. మధ్యలో ఖాళీలు పెట్టే సైటు దీన్ని ‘శ ్ ర ీ’ అని నాలుగు ముక్కలు చేస్తుంది. వత్తు, గుణింతం ఆధారం లేక చుక్కల వలయాల మీద వేలాడతాయి. కొట్టివేత గీత పెట్టినా అంతే, పొల్లుకూ ర-కూ మధ్య దూరి వత్తును విడగొడుతుంది. ఖాళీలు కావాలంటే మీరే చేత్తో, పలికే అక్షరం పూర్తయ్యాక పెట్టండి: ‘శ్రీ ని వా స్’. అక్షరాల్ని విడగొట్టే నియమాల్లో తెలుగు వత్తుల్ని కలిపి ఉంచాలని యూనీకోడ్ చేర్చింది కూడా 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లోనే. పాత సైట్లకు ఆ సంగతి తెలియదు.

కంటికి కనిపించని 8204 గుర్తును అనవసరంగా చల్లొద్దు. ‘ఫేస్‌బుక్’ వంటి మాటల్లో పొల్లు విడిగా నిలవాలంటే అది కావాలి, తీసేస్తే స కింద బ వత్తు చేరుతుంది. వేరేచోట్ల వద్దు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది గుర్తుందా? జ, పొల్లు, ఞ, తర్వాత ఈ 8204, ఆపైన దీర్ఘం, ఇదీ ఆ వరస. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు.

తెలుగులోనే ఒక కవల జంట ఉంది. ‘తెలంగాణ’, ‘తెల౦గాణ’ రెండూ చాలా ఫాంట్లలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మొదటి దాంట్లో ఉన్నది సున్న, 3074. రెండో దాంట్లో ఉన్నది తెలుగు అంకె సున్నా, 3174. సరిగ్గా వంద తేడా. రెండోలా టైప్ చేసిన మాట వెతికితే దొరకదు. మీ పోస్టుల్లో అనుమానముంటే ఆ అక్షరాన్ని షీట్‌లో పెట్టి యూనీకోడ్ ఫంక్షన్‌తో నంబరు చూడండి, వెంటనే తేలిపోతుంది.

కన్నడతోనూ జాగ్రత్త. తెలుగు నంబరుకు 128 కలిపితే చాలావరకు అదే కన్నడ అక్షరం వస్తుంది: ‘గ’ 3095 అయితే కన్నడ గ 3223. గ, జ, ద, ర, ల వంటివి రెండు లిపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. పేరును కొత్తగా చూపించడానికి వీటిని కలిపితే, కన్నడ అక్షరానికి తెలుగు గుణింతం అతకక విడిపోతుంది. ఇదే ఎత్తును ఇంగ్లిష్‌లో మోసగాళ్లు వాడతారు: 97 ఉండాల్సిన చోట రష్యన్ చిన్న ఎ, 1072 పెట్టి నకిలీ పేర్లు, నకిలీ లింకులు పుట్టిస్తారు. అలాంటి లింకు నొక్కి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మరి తెలుగు పేరు అందంగా కనిపించాలంటే? వాట్సాప్ మెసేజీలో అయితే మాటకు అటూ ఇటూ * పెడితే లావవుతుంది, _ పెడితే వాలుతుంది, ~ పెడితే కొట్టివేత గీత పడుతుంది. ఇక్కడ అక్షరం మారదు, తెలుగు విరగదు, వెతికితే దొరుకుతుంది. మిగతా చోట్ల బొమ్మ చేసి పెట్టడమే సరైన దారి:

1. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఎంచుకోండి. దుకాణం పేరుకు రామభద్ర లావుగా నిలుస్తుంది. చేతిరాత ఛాయ కావాలంటే లక్కిరెడ్డి చూడండి. ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు.

2. పోస్టుకైతే 1080×1080, స్టేటస్‌కైతే 1080×1920 పిక్సెళ్ల కాగితం తెరిచి, యూనీకోడ్ తెలుగులో పేరు టైప్ చేసి ఫాంటు పెట్టండి. పాత ఫోటోషాప్‌లో వత్తులు విడిపోతే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుని కొత్త ఫైలు తెరవండి.

3. కింది వత్తులకు చోటుండేలా లైన్ల మధ్య దూరం ఇంగ్లిష్‌కు పెట్టినదాని కన్నా పెంచండి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటలతో సరిచూసుకుంటే వత్తులు తెగుతున్నాయో లేదో తెలిసిపోతుంది.

4. పీఎన్‌జీగా సేవ్ చేసి, పోస్టు చేసేటప్పుడు అదే మాటను కింద మామూలు తెలుగులో కూడా రాయండి.

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రిక కొట్టించినా, ఫ్లెక్స్ వేయించినా, డీటీపీ వాళ్లు ఎక్కువగా వాడేది అను ఫాంట్లు. అందులో టైప్ చేసింది కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ బ్లాకు గుర్తులు. ఆ ఫైలు నుంచి కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అర్థంలేని గుర్తులు వచ్చేది అందుకే. షాపులో ఆర్డరు ఇచ్చేటప్పుడే రెండు అడగండి: అచ్చుకు పీడీఎఫ్, ఫోన్లో పంచుకోవడానికి పీఎన్‌జీ. పత్రికలోని ముహూర్తం, ఫంక్షన్ హాలు అడ్రసు యూనీకోడ్‌లో మీరే మళ్లీ టైప్ చేసి బొమ్మ కింద పెడితే, బంధువులు ఆ అడ్రసును నొక్కిపట్టి కాపీ చేసి మ్యాప్‌లో పేస్ట్ చేసుకోగలుగుతారు.